కొత్తనీరు వచ్చిన బుధవారం

"గాలి లేదండి," అన్నాడు జ్ఞానప్రకాశం.

"ఉంది," అంది దేవకుమారి.

"వస్తోంది, ఆగిపోతోంది. మళ్ళీ వస్తోంది. దాన్ని గాలి ఉండటం అనరు."

"మీరు జెండా పట్టుకుని నిలబడి పావుగంటయింది గుమాస్తాగారూ. దాన్ని పందెం నడపటం అంటారా?"

ధవళేశ్వరం రేవు మెట్లమీద ఉన్న పదిమందీ నవ్వారు. నీళ్ళలో మూడు పడవలు ముక్కులు ఎగువకు తిప్పుకుని, తెరచాపలు ఎత్తుకుని, రేవు గుంజలకు కట్టిన తాళ్ళను గుంజుతున్నాయి. అతను ఆమెవైపు చూడలేదు. నదికి ఆవలి ఒడ్డున తాటిచెట్లను చూస్తున్నాడు. పడమటి గాలికి అవి ఒకసారి ఊగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాయి.

ప్రతి బుధవారం సాయంత్రం వర్క్‌షాపు గంట కొట్టాక ఈ పందెం జరుగుతుంది. ఆనకట్ట ఆఫీసులో పనిచేసిన దొర ఒకాయన సరదాకి మొదలుపెట్టి, సెలవుమీద సీమకు వెళ్ళిపోయాడు. పందెం మిగిలింది. బహుమతి ఏమీ లేదు. గెలిచినవాడికి వారంరోజులు గొప్పలు చెప్పుకునే హక్కు, ఓడినవాళ్ళకు వినక తప్పని బాధ్యత, అంతే. రేవునుంచి బయలుదేరి, ఎగువన లంక కొసన పాతిన వెదురు చుట్టూ తిరిగి రావాలి.

జ్ఞానప్రకాశం ఆ ఆఫీసులోనే గుమాస్తా. ఇరవైఆరేళ్ళవాడు. పడవ నడపడం రాదు, పందెం నడుపుతాడు. అతను తెల్లజెండా దించితే బయలుదేరాలి. ఎర్రజెండా ఎత్తితే వెనక్కి రావాలి. ఏ పడవ ముందు వచ్చిందో పలకమీద రాసేది దేవకుమారి. ఆమె మిషన్ ఆడపిల్లల బడిలో పంతులమ్మ, వర్క్‌షాపులో పడవలు కట్టే సత్తిరాజు మేస్త్రీ కూతురు. తోడుగా వచ్చే మేనత్త దీనమ్మ పై మెట్టుమీద కూర్చుంటుంది.

జనవరిలో దేవకుమారి మొదటిసారి రేవుకు వచ్చినరోజే పేచీ పెట్టుకుంది. "మీ జెండా ఆలస్యంగా దిగిందండి. మా నాన్న కట్టిన పడవ అందుకే ఓడింది," అంది, పేరైనా తెలియని అతనితో. అతను ఆ రాత్రి నిద్రపోకుండా తన జెండా నిజంగా ఆలస్యంగా దిగిందా అని ఆలోచించాడు. తర్వాతి బుధవారం పలక తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "ఇకమీద మీరే చూడండి," అన్నాడు. అప్పటినుంచి ఇరవైరెండు బుధవారాలు. ఒక్కటీ మరిచిపోలేదు అతను.

గడిచిన రెండు ఆదివారాలు మరిచిపోదామన్నా మరుపు రావడం లేదు. ఆ రెండు ఆదివారాలూ చర్చిలో పాదిరిగారు ఒక ప్రకటన చదివారు. చంద్రరావుకీ దేవకుమారికీ పెళ్ళి నిశ్చయమయింది, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పవచ్చును అని. మూడో ఆదివారం కూడా చదివి, అప్పటికీ ఎవరూ నోరెత్తకపోతే ఇక పెళ్ళే. ఆ మూడోది రాబోయే ఆదివారం.

చంద్రరావు కాకినాడనుంచి మిషన్ బడికి వచ్చిన కొత్త హెడ్మాస్టరు. నవ్వుతూ మాట్లాడే మనిషి. మూడో పడవలో చుక్కాని పట్టుకుని కూర్చున్నది అతనే.

జ్ఞానప్రకాశానికి తన మనసులో ఏముందో తెలుసు. ఆమె మనసులో ఏముందో తెలిసేదాకా ఆగాలనుకున్నాడు. ఆగటాన్ని మర్యాద అనుకున్నాడు. అది మర్యాద కాదేమో, భయానికి తొడిగిన ఉతికిన చొక్కానేమో అని ఈమధ్యనే అనుమానం మొదలయింది.

"బాబుగారూ," రేవు దాటించే చిట్టియ్య దగ్గరకొచ్చాడు. "కొత్తనీరు దిగిందండి. చూడండి, రంగు తిరిగింది. పొద్దుటికీ ఇప్పటికీ లాగుడు పెరిగింది. ఇయ్యాల్టికి గడలు పడవల్లోనే ఉండనియ్యండి."

గడల సంగతి జ్ఞానప్రకాశం పెట్టిన నియమం. మార్చిలో ఒకరు గాలి ఆగినచోట రెల్లు చాటున వెదురుగడ పోటు వేసి గెలిచారు. అప్పటినుంచి తెడ్లూ గడలూ మెట్లమీద దించితేనే పందెం. ఇప్పుడూ అవి వరసగా మెట్లమీద పడి ఉన్నాయి. రేవుకు దిగువన అరమైలులో ఆనకట్ట. గోడమీదినుంచి నీళ్ళు దూకుతున్న హోరు పొద్దుటినుంచీ వినబడుతూనే ఉంది.

చిట్టియ్య చెప్పింది నిజమే. గడలు ఎక్కించమనడానికి అతను నోరు తెరిచాడు.

"ఏంటండీ గుమాస్తాగారూ!" పడవలోంచి చంద్రరావు కేకేశాడు. "మా పెళ్ళిలోగా మొదలవుతుందా ఈ పందెం?"

మెట్లన్నీ గొల్లుమన్నాయి. దేవకుమారి నవ్వలేదు. పలకమీద లేని గీతను కొంగుతో తుడుస్తూ, జ్ఞానప్రకాశానికి మాత్రమే వినబడేలా అంది.

"రెండు ఆదివారాలూ ఆ ప్రకటన చదివేటప్పుడు మీరు గొంతు సవరించుకున్నారు. జలుబు చేసిందేమో అనుకున్నాను."

అతను ఆమెవైపు తిరిగాడు. ఆ కళ్ళలో ఉన్నది వెక్కిరింతో కోపమో ఇంకేదో తేల్చుకునేలోపు ఆమె తల దించేసుకుంది. అతని చెవుల్లో ఏదో వేడిగా మోగింది.

అతను జెండా దించేశాడు.

"బాబుగారూ, గడలు..." అన్నాడు చిట్టియ్య. అప్పటికే తాళ్ళు విడిపోయాయి.

పడమటి గాలి ఒక్కసారిగా లేచింది, అతను చేసింది సరైనదే అన్నట్టు. మూడు చాపలూ పొంగాయి. ఫిట్టరు వీరబ్రహ్మం పడవా, బజారులో కొట్టున్న జోగేశ్వరరావు పడవా ఒడ్డు వెంబడి పోయాయి. ఒడ్డు దగ్గర లాగుడు తక్కువని వాళ్ళకు తెలుసు. చంద్రరావుకు సముద్రం తెలుసు, ఏరు తెలియదు. గాలి ఎక్కువ దొరుకుతుందని నడిమధ్యకు నడిపించాడు. దొరికింది కూడా. రెండు పడవలనూ దాటిపోయాడు.

"హెడ్మాస్టరుగారు కొట్టేశారండోయ్!" అన్నారెవరో.

జ్ఞానప్రకాశం తాటిచెట్లను చూస్తున్నాడు. మొదట ఎడమవైపు చెట్టు ఆగింది. తర్వాత దాని పక్కది. ఒకరి తర్వాత ఒకరు మాట మానేసినట్టు వరసంతా ఆగిపోయింది.

"గాలి పడిపోయింది," అన్నాడు. ఎవరికో చెప్పినట్టు లేదు ఆ మాట.

చాపలు వేలాడిపోయాయి. అతను ఎర్రజెండా ఎత్తాడు. ఒడ్డు పక్కనున్న ఇద్దరూ రెల్లు దుబ్బులు పట్టుకుని ఆగిపోయారు. మధ్యలో ఉన్న పడవకు పట్టుకోవటానికి ఏమీ లేదు. ముక్కు ఎగువకే ఉంది, పడవ మాత్రం వెనక్కి జారుతోంది. నెమ్మదిగా, ఎవరో దారం చుట్టుకుంటున్నట్టు.

"చూశారా గుమాస్తాగారూ! వెనక్కి నడిచి గెలుస్తున్నాను!" చంద్రరావు ఇంకా నవ్వుతున్నాడు.

ఈసారి మెట్లమీద ఎవరూ నవ్వలేదు. పడవ రేవుకు సూటిగా వచ్చింది, రేవును దాటింది. అప్పుడు తల తిప్పి దిగువకు చూశాడు చంద్రరావు. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు ఆ ముఖం వేరేగా ఉంది.

"గడ! గడ ఒకటి..."

జ్ఞానప్రకాశం జెండాలు రెండూ దేవకుమారి చేతుల్లో పెట్టేసి మెట్లు దూకాడు. చిట్టియ్య అప్పటికే తన దాటింపు పడవ తాడు విప్పుతున్నాడు.

"ఈతొచ్చాండీ?"

"రాదు."

"అయితే మోకు గట్టిగా పట్టుకోండి. మిమ్మల్ని కూడా ఏరలేను నేను."

చిట్టియ్య నాలుగు పోట్లు వేశాడు. అయిదోసారికి గడకు నేల తగల్లేదు. తిట్టుకుని గడ లోపల పడేసి తెడ్లు అందుకున్నాడు. హోరు పెద్దదయింది. అది ఇక చప్పుడులా లేదు, పడవ చెక్కల్లోంచి అరికాళ్ళలోకి ఎక్కుతోంది. చంద్రరావు చాపను పూర్తిగా కిందికి దించేసి, అంచుమీద మోకాళ్ళూని, రెండు చేతులూ చాచాడు. ఇరవై గజాలు. పదిహేను.

"విసరండి బాబూ!" అన్నాడు చిట్టియ్య.

మోకు అతని చేతిలో చుట్టగా ఉంది. చేయి లేచింది. లేచి, ఆగింది.

ఆ ఆగినంతసేపట్లో అతనికి ఎంతో కనిపించింది. ఆదివారం చర్చి. పాదిరిగారు కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం. ఆడవాళ్ళ వరసలో తెల్లచీరలో దేవకుమారి, ఒంటరిగా. అదంతా చాలా ప్రశాంతంగా ఉంది. తను ఏమీ చేయనక్కర్లేదు, ఇంకొంచెం ఆగితే చాలు. ఆగటం తనకు అలవాటే.

అది చూసింది తనేనని తెలిసింది. ఆ ఎరుక చన్నీళ్ళలా పడింది. అతను ఒంట్లో బలమంతా పెట్టి మోకు విసిరాడు.

చంద్రరావు అందుకున్నాడు. గబగబా పడవ ముక్కుకు కట్టాడు. చిట్టియ్య తెడ్లు వేశాడు, జ్ఞానప్రకాశం రెండో జత అందుకుని చేతనయినట్టు వేశాడు. జారటం తగ్గింది. ఆగలేదు. ఒడ్డుమీది కొబ్బరిచెట్లు ఒక్కొక్కటిగా ఇంకా ఎగువకే నడిచిపోతున్నాయి.

"రెండు పడవలు నావల్ల కాదండి బాబుగారూ," అన్నాడు చిట్టియ్య రొప్పుతూ. మోకు విప్పేయాలని దాని అర్థం, అది ముగ్గురికీ తెలుసు. చంద్రరావు తను కట్టిన ముడివైపు చూశాడు.

అప్పుడు వినిపించింది.

"ప్రకాశం!"

ఒడ్డున దేవకుమారి పరుగెడుతోంది. రేవు మెట్లు దాటి, రాళ్ళగట్టుమీద, పడవలకు సమానంగా. ఎర్రజెండా బారుగా ముందుకు చాచి దిగువనున్న వర్క్‌షాపు పొగగొట్టాన్ని చూపిస్తోంది.

"ప్రకాశం! పొగ తిరిగింది! దక్షిణం గాలి! చాప ఎత్తమను ప్రకాశం!"

అతను తల తిప్పాడు. అప్పటిదాకా నిట్టనిలువుగా లేచిన పొగ నడుము వంచి ఎగువకు వాలుతోంది. సముద్రపు గాలి. ఇంకా ఇక్కడికి రాలేదు, ఒడ్డునుంచి ఆమెకు కనిపించింది.

"చాప ఎత్తండి!" అరిచాడు చంద్రరావువైపు. "దక్షిణంనుంచి వస్తోంది! ఎత్తండి!"

"గాలేదీ?"

"వస్తుంది. ఎత్తండి మీరు!"

గాలి లేకుండానే చాప పైకి లేచింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు జ్ఞానప్రకాశం. ఏడు దగ్గర మెడవెనక చెమట చల్లబడింది. తొమ్మిది దగ్గర చాప టప్పుమని పొంగింది. రెండు పడవలూ నీళ్ళమీద ఎటూ కదలకుండా నిలబడిపోయాయి. తర్వాత ఒక కొబ్బరిచెట్టు, ఇష్టం లేనట్టు, దిగువకు అడుగు వేసింది.

రేవులో దిగేసరికి బతికి వచ్చిన పడవలను చూడాల్సిన జనం దేవకుమారిని చూస్తున్నారు. పెళ్ళి కుదిరిన ఆడపిల్ల పరాయి మగవాణ్ణి పేరు పెట్టి పిలిచింది. ఒక్కసారి కాదు. ఆనకట్ట హోరుమీదినుంచి రేవంతా వినబడేలా పిలిచింది. ఆమె రొప్పుతూ నిలబడి ఉంది, తల దించుకోకుండా.

కేకలు విని వర్క్‌షాపునుంచి సత్తిరాజు మేస్త్రీ చేతిలో ఉలితోనే వచ్చేశాడు.

చంద్రరావు మెట్టెక్కి జ్ఞానప్రకాశానికి ఎదురుగా నిలబడ్డాడు. "గడలు ఉంచమని చిట్టియ్య చెప్పాడట కదండీ మీకు. ఎందుకు ఉంచలేదు?"

ఏరు అలా ఉంటుందనుకోలేదు అనవచ్చు. నియమం నియమమే అనవచ్చు. రెండూ నాలుకదాకా వచ్చాయి.

"మీరు నన్ను చూసి నవ్వారని," అన్నాడు జ్ఞానప్రకాశం. "ఆవిడ ముందు నవ్వారని. తప్పు నాదండి."

"చంపేసేవారు."

"అవునండి." అతను సత్తిరాజువైపు తిరిగాడు. "మేస్త్రీగారూ, ఇది ఆదివారం చెప్పాల్సింది. రెండు ఆదివారాల కిందటే చెప్పాల్సింది. ఆ ప్రకటనకు నాకు అభ్యంతరం ఉందండి."

"ఏంటి కారణం?"

"దేవకుమారిగారిని నేను చేసుకోవాలనుకుంటున్నానండి."

సత్తిరాజు ఉలిని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "అది అభ్యంతరం కాదు బాబూ. దరఖాస్తు."

ఎవరో నవ్వబోయి దగ్గు కింద మార్చుకున్నారు.

"అభ్యంతరం నాకుందిలెండి," అన్నాడు చంద్రరావు. తడిసిన కండువా పిండుతున్నాడు. నీళ్ళు కారడం ఆగినా దాన్ని మళ్ళీ మళ్ళీ పిండుతున్నాడు. "కొట్టుకుపోతున్నవాణ్ణి నేను. ఆవిడ పిలిచింది ఈయన్ని. ఇంకా ఆ కాగితం మూడోసారి ఎందుకు చదివించటం? పాదిరిగారితో నేనే చెబుతాను." రెండు మెట్లెక్కి ఆగాడు. "చిట్టియ్యా, బతికించావు." ఎవరివైపూ చూడకుండా, "మీరిద్దరూ," అన్నాడు.

అతను వెళ్ళిపోయాడు. ఆ వీపు చూస్తుంటే జ్ఞానప్రకాశానికి గెలిచినట్టు ఏమాత్రం అనిపించలేదు.

"ఏమ్మా?" అన్నాడు సత్తిరాజు కూతురితో.

"పిలిచాను నాన్నా."

"అది నాకూ వినబడింది. మరి సంబంధం వచ్చినప్పుడు వద్దని చెప్పొచ్చుగా?"

"ఎవరికోసం వద్దనాలో తెలియలేదు. ఈయన ఏమీ చెప్పలేదుగా."

దీనమ్మ పై మెట్టుమీదినుంచి కలగజేసుకుంది. "రేవు రేవంతా విన్నాక ఇంకా పంచాయితీ ఏంటి తమ్ముడూ? ఆ కుర్రాడి ముఖం చూడు, ఇప్పుడే పడిపోయేలా ఉన్నాడు. అవునో కాదో చెప్పు."

సత్తిరాజు ఉలిని మొలలో దోపుకున్నాడు. "పడవలు కట్టేవాడి ఇంటికి ఈత రాని అల్లుడు. నలుగురూ నన్ను బతకనిస్తారా? చిట్టియ్య దగ్గర ఈత నేర్చుకోండి. నది అడ్డంగా ఈదిన రోజున మాట్లాడదాం."

"ఈ నీళ్ళలోనాండీ?"

"తగ్గాక. విధవను చేయటానికి కాదు నా కూతుర్ని ఇచ్చేది." చిన్నగా నవ్వి, పడవకు దెబ్బ తగిలిందేమో చూడటానికి నీళ్ళలోకి దిగిపోయాడు.

జనం పలచబడ్డారు. పడమట మబ్బు పట్టింది. చంద్రరావు పడవలోని చాప తడిసి మెట్లమీద కుప్పగా పడి ఉంది. దాన్ని మడతపెట్టటానికి ఇద్దరు కావాలి. అతను రెండు కొసలు పట్టుకుంటే, ఆమె జెండాలు పక్కన పెట్టి ఆ చివర రెండు కొసలూ అందుకుంది. ఇద్దరిమధ్యా నాలుగు బారల బరువైన గుడ్డ.

సగానికి మడిచారు. ఆమె నాలుగడుగులు దగ్గరకు వచ్చింది.

"ఒకటి అడుగుతాను. మోకు విసరబోయి ఎందుకు ఆగారు?"

అతని చేతుల్లో గుడ్డ బిగిసింది. అప్పుడు చిట్టియ్య వీపు తనవైపు ఉంది. చంద్రరావు అది గమనించే స్థితిలో లేడు. ఎవరూ చూడలేదనుకున్నాడు.

"మోకు అందదేమోనని," అనటానికి సిద్ధంగా ఉంది అబద్ధం. ఎంతో నమ్మకంగా కూడా ఉంది. ఈ అబద్ధంతో ఒక ఇల్లు కట్టుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు, ముసలివాడు కావచ్చు.

"ఆయన లేకపోతే ఎలా ఉంటుందో కనబడింది," అన్నాడు. "ఒక్క క్షణం. బాగా కనబడింది."

నది చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈ మాటతో అంతా అయిపోయిందనుకున్నాడు. అయిపోయినా చెప్పాల్సిన మాటే అనుకున్నాడు, మొదటిసారిగా ఏ అనుమానమూ లేకుండా.

ఆమె గుడ్డను మళ్ళీ సగానికి మడిచింది. ఇంకో రెండడుగులు.

"నాకూ కనబడింది," అంది.

అతను తలెత్తాడు.

"ఒడ్డున నిలబడి చూస్తున్నాను. మీ చేయి ఆగింది. విసరండి అని అరవాలి కదా నేను. నోరు పెగల్లేదు. మీరెంతసేపు ఆగారో నేనూ అంతసేపే ఆగాను." "మీరు విసిరాక సిగ్గేసింది. పొగ తిరగటం చూసేసరికి ఇక ఏమీ ఆలోచించలేదు, పరుగెత్తాను. అప్పుడు నోటికి ఏ పేరు వచ్చిందో కూడా తెలియదు. అందరూ నన్ను చూస్తుంటే తెలిసింది."

వాన మొదటి చినుకులు చాపమీద పడి నల్లటి చుక్కలయ్యాయి.

ఇరవైరెండు బుధవారాలు అతను ప్రేమించింది ఒక చురుకైన మాటను, పలకమీద వంగిన ఒక తలను. ఈ మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు. అతనిలో ఉన్న చీకటి మూలనే తనలో కూడా చూసుకుని, వచ్చి చెప్పిన మనిషిని. భయం వేసింది. ఆ భయంలో ఒంటరితనం లేదు.

"ఈ మాట ఇంకెవరికీ చెప్పనక్కర్లేదు కదా?" అన్నాడు.

"చెప్పాలి. రేపు చంద్రరావుగారి దగ్గరకు వెళ్ళి. ఇద్దరం."

"తలుపు తీయడేమో."

"తీయకపోతే గుమ్మంలో నిలబడి చెబుదాం."

"సరే," అన్నాడు. ఈసారి ఆలోచించలేదు.

ఆఖరి మడత మిగిలింది. ఆమె తన చివరను తెచ్చి అతని చివరకు కలిపింది. తడిగుడ్డ కింద రెండు జతల చేతులూ ఒకచోటికి వచ్చాయి. చల్లగా ఉన్నాయి. పై మెట్టుమీద దీనమ్మ గట్టిగా దగ్గింది. వాన పెరిగింది. దీనమ్మ మళ్ళీ దగ్గింది, ఇంకాస్త గట్టిగా.

ఇద్దరూ చాప వదల్లేదు.